కార్తీక వనభోజనాలకి 12 ఆర్వీలు, రెండు రాత్రులు: కరెంటు, నీళ్లు, వంట ఎలా సర్దుకోవాలి?

కొత్తట్రైలర్_ఫ్రిస్కో:

అందరికీ నమస్కారం. డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న మా ఆర్వీ (పడకలు, వంటగది ఉన్న ప్రయాణపు బండి) బృందం ఈసారి కార్తీక వనభోజనాలు క్యాంప్‌గ్రౌండ్‌లో పెట్టుకుందామనుకుంటోంది. 2026 నవంబర్ 13 శుక్రవారం నుంచి 15 ఆదివారం దాకా, రెండు రాత్రులు. బళ్లు 12. ట్రావెల్ ట్రైలర్లు 7, పికప్ ట్రక్కు తొట్టిలో తగిలించి లాగే ఫిఫ్త్ వీల్స్ 2, సొంత ఇంజిన్‌తో నడిచే క్లాస్ సీ మోటర్‌హోములు 3. ఆ మూడింట్లో రెండు అద్దెవి, నడిపేవాళ్లకి అదే మొదటిసారి. మనుషులు 46 మంది, అందులో పిల్లలు 14.

అనుకుంటున్న చోటు రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్క్, జాన్సన్ బ్రాంచ్ వైపు. సైట్ దగ్గర నీళ్లూ కరెంటూ ఉంటాయి కానీ సూవర్ (మురుగు గొట్టం) లేదు, ట్యాంకులు ఖాళీ చేయడానికి డంప్ స్టేషన్‌కి వెళ్లాల్సిందే. మెనూ మీద వాట్సాప్‌లో చర్చ ఆగడం లేదు, మిగతా వాటి గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

ఈ వారాంతం మంచిదా, తర్వాతిదా? 30 ఆంప్ సైట్లలో హీటర్లు, ఇన్‌స్టంట్ పాట్లు అన్నీ నడుస్తాయా? సూవర్ లేకుండా 46 మందికి వండి కడిగితే గ్రే ట్యాంకులు (సింక్, షవర్ నీళ్లు చేరేవి) ఆగుతాయా? శనివారం మధ్యాహ్నం అసలు భోజనం, దానికి ఎంత బియ్యం, ఎలాంటి పొయ్యి? సాయంత్రం ఉసిరి దీపాలు పెట్టాలని పెద్దవాళ్ల కోరిక.

లూప్‌క్యాప్టెన్:

తేదీ మంచిదే పట్టారు. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం రావడంతో దీపావళి నవంబర్ 8కి జరిగింది, కార్తీకం 10న మొదలవుతుంది. పున్నమి 24 మంగళవారం. తర్వాతి వారాంతం తీసుకుంటే ఏకాదశి ఆ శుక్ర, శనివారాల దగ్గరే పడుతుంది. ఉపవాసం ఉండేవాళ్లని కూర్చోబెట్టి వనభోజనం వడ్డించడం బాగోదు. ఆ పై వారాంతం థ్యాంక్స్‌గివింగ్, సైట్లు దొరకవు. కాబట్టి 13-15 ఖాయం చేసుకోండి.

టెక్సస్ స్టేట్ పార్కుల్లో క్యాంప్‌సైట్ బుకింగ్ 5 నెలల ముందు తెరుచుకుంటుంది. మీకు 12 సైట్లు పక్కపక్కనే కావాలి కనుక, తెరిచిన రోజే నలుగురు కూర్చుని మూడేసి చొప్పున చేసేయండి. ఒక్కరే 12 పట్టుకుందామనుకుంటే రెండోది ముగించేలోపు పక్కది పోతుంది. చలికాలంలో కొన్ని పార్కులు వేట కోసం కొన్ని రోజులు మూస్తారు, డబ్బు కట్టేముందు పార్క్ పేజీలో హెచ్చరికలు చదవండి. సైట్‌కి 8 మంది పరిమితి, మీకు నలుగురే కాబట్టి ఇబ్బంది లేదు. ప్రవేశ రుసుం మాత్రం వేరు. ఏడాది పాస్ ఉన్నవాళ్ల కారులో ఎక్కినవాళ్లందరికీ అది వర్తిస్తుంది, అందుకని కార్లు పంచుకోండి.

అసలు చిక్కు వెలుతురుతో వస్తుంది. నవంబర్ 1న గడియారాలు గంట వెనక్కి పోతాయి. నెల మధ్యకొచ్చేసరికి డల్లాస్ దగ్గర పొద్దు సాయంత్రం 5:25 ప్రాంతంలోనే కుంకుతుంది. చెకిన్ 2 గంటలకి. అంటే చేతిలో ఉన్నది మూడున్నర గంటలు. ఒక ట్రైలర్‌ని వెనక్కి పెట్టి, లెవెల్ చేసి, చక్రాలకి అడ్డు దిమ్మలు (చాక్స్) వేసి, లాగే బండితో కలిపే హిచ్ విప్పేసరికి అలవాటైనవాళ్లకే 15 నిమిషాలు, కొత్తవాళ్లకి 40. 12 బళ్లూ ఒకేసారి వచ్చి లూప్‌లో (సైట్ల చుట్టూ తిరిగే రోడ్డులో) నిలబడితే పక్క క్యాంపర్లకి దారి ఉండదు. అరగంటకి ఇద్దరు చొప్పున సమయాలు ఇచ్చేయండి. ఫిఫ్త్ వీల్స్ ముందు రావాలి, వాటికి మలుపు ఎక్కువ కావాలి, ఎదుటి సైట్ ఖాళీగా ఉంటేనే ముక్కు తిప్పుకోవడానికి చోటుంటుంది. తర్వాత ట్రైలర్లు. ఆఫీసు ముగించుకుని ఏడింటికి వచ్చేవాళ్లు ఎలాగూ ఉంటారు, వాళ్లకి నేరుగా దూసుకెళ్లే పుల్‌త్రూ సైట్లు కేటాయించండి. ఆ లూప్‌లో అవి లేకపోతే రోడ్డు మొదట్లో ఉన్న సైట్లు ఇవ్వండి.

వెనక్కి పెట్టేటప్పుడు సైగలు చేసే మనిషి ఒక్కరే. ఎడమ వైపు వెనక మూలన, డ్రైవర్ అద్దంలో కనిపించేలా నిలబడాలి. అద్దంలో ఆ మనిషి మాయమైతే బండి ఆగిపోవాలి. నలుగురు బాబాయిలు నాలుగు వైపుల నుంచి "రానీ, రానీ" అంటే చివరికి సైట్ పక్కనున్న కరెంటు స్తంభానికే (పెడస్టల్) తగిలేది.

అద్దె క్లాస్ సీ నడిపేవాళ్లకి రెండు మాటలు. వెనక చక్రాలు దాటాక కూడా చాలా ఒళ్లు ఉంటుంది. ఎడమకి కోస్తే తోక కుడికి ఊగి పక్కనున్న కొళాయిని, చెట్టుని కొడుతుంది. ముందు నాలుగడుగులు నేరుగా నడిపి ఆ తర్వాతే తిప్పాలి. ఎత్తు 11, 12 అడుగుల దాకా ఉంటుంది, ఆ అంకెని కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. డ్రైవ్‌త్రూ కాఫీ జోలికి వెళ్లొద్దు.

ముప్పైఆంప్స్:

కరెంటు సంగతి నేను చెప్తా. 30 ఆంప్ సైట్ అంటే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు, అంతే. 50 ఆంప్ అంటే చాలామంది దానికి రెండింతలు కాస్త తక్కువ అనుకుంటారు, అది తప్పు. అందులో 50 ఆంపుల తీగలు రెండు వస్తాయి, మొత్తం 12,000 వాట్లు. ఏ సైట్‌కి ఏది ఉందో బుకింగ్ పేజీలో సైట్ నంబర్ నొక్కితే కనబడుతుంది. వంట బాధ్యత ఉన్న కుటుంబాన్ని 50 ఆంప్ సైట్‌లో పెట్టండి.

30 ఆంప్ బండిలో ఉదయం 7 గంటల దృశ్యం లెక్కేయండి. స్పేస్ హీటర్ 1,500 వాట్లు, అంటే 12.5 ఆంపులు. వాటర్ హీటర్ ఎలక్ట్రిక్ ఎలిమెంట్ దాదాపు 12. ఇన్‌స్టంట్ పాట్ 8 నుంచి 9. బ్యాటరీ చార్జ్ చేసే కన్వర్టర్ ఇంకొన్ని. 33 దాటేసింది, బ్రేకర్ పడుతుంది. గంటల తరబడి లాగేటప్పుడు 24 ఆంపుల లోపే ఉండాలన్నది లెక్క. చలిలో గది వేడి కోసం గ్యాస్ ఫర్నేస్, నీళ్ల కోసం కూడా గ్యాస్ వాడుకుంటే కరెంటు వంటకి మిగులుతుంది.

చాలామంది చూడని వాటం ఒకటుంది. అదే పెడస్టల్ మీద 20 ఆంపుల మామూలు సాకెట్ వేరే బ్రేకర్ మీద ఉంటుంది. ఇన్‌స్టంట్ పాట్, వెట్ గ్రైండర్ అక్కడ పెట్టుకోండి. త్రాడు 12 గేజ్‌ది, బయట వాడేది, 25 అడుగులకి మించకుండా. సన్నటి 16 గేజ్ త్రాడు మీద 1,000 వాట్ల కుక్కర్ గంటసేపు పెడితే ప్లగ్ దగ్గర వేడెక్కి మెత్తబడుతుంది.

ఇప్పుడు గుంపుగా వచ్చినప్పుడే తగిలే సమస్య. ఒక్కో పెడస్టల్ 30 ఇవ్వగలిగినా, 12 పెడస్టళ్లూ ఒకేసారి 30 లాగుతాయని వైరింగ్ వేయరు. అమెరికా కరెంటు నిబంధనల పుస్తకం నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో ఆర్వీ సైట్లకి డిమాండ్ ఫ్యాక్టర్ (ఒకేసారి ఎంత వాడతారన్న అంచనా) పట్టిక ఉంది. ఒక ఫీడర్ (సైట్లకి కరెంటు తెచ్చే పెద్ద తీగ) మీద 10 నుంచి 12 సైట్లుంటే మొత్తం లోడ్‌లో 50 శాతానికే లెక్క కడతారు, 36 సైట్లు, అంతకు మించి ఉంటే 41 శాతానికి. మామూలు రోజుల్లో ఒకరు వండుతుంటే ఒకరు బోటింగ్‌కి పోతారు కనుక సరిపోతుంది. మీవాళ్లందరూ ఒకే లూప్‌లో, ఒకే సమయానికి లేచి, ఒకేసారి హీటరూ కాఫీ మేకరూ వేస్తారు. వోల్టేజీ 120 నుంచి 108, 106కి దిగుతుంది. హీటర్‌కి ఏం కాదు, వేడి తగ్గుతుందంతే. కంప్రెసర్ మోటార్లకే ప్రమాదం, వోల్టేజీ తగ్గేకొద్దీ ఎక్కువ కరెంటు లాగి కాలిపోతాయి.

అందుకని ప్రతి బండికీ ఈఎంఎస్ (వోల్టేజీ తేడాని కనిపెట్టి కరెంటు తెంపేది) ఉన్న సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలి. వోల్టేజీ 104 ప్రాంతానికి వస్తే అదే తెంపేస్తుంది. మామూలు సర్జ్ స్ట్రిప్ ఆ పని చేయదు. 50 ఆంప్‌లో ఇంకో ముప్పు న్యూట్రల్ (రెండు వైపులకీ ఉమ్మడి తీగ) ఊడటం. అది ఊడితే ఒక వైపు వోల్టేజీ 120ని దాటి 240 వైపు లేస్తుంది, టీవీ, మైక్రోవేవ్ నిమిషాల్లో పోతాయి. ఈఎంఎస్ అది కూడా పట్టుకుంటుంది.

ప్లగ్ పెట్టేముందు బ్రేకర్ దించి, సాకెట్‌లోకి టార్చి కొట్టి చూడండి. గోధుమరంగుకి తిరిగినా, ప్లగ్ వదులుగా కూర్చున్నా ఆ పెడస్టల్ వాడకండి, క్యాంప్‌గ్రౌండ్ హోస్ట్‌కి చెప్పండి. హీటర్ అరగంట నడిచాక ప్లగ్ ముట్టుకుని చూడండి. గోరువెచ్చన పర్వాలేదు, చెయ్యి పెట్టలేకపోతే వెంటనే లోడ్ తగ్గించండి.

మాటల్లో మాట. బయలుదేరే ముందు రాత్రి ఇంటి దగ్గర ఫ్రిజ్ చల్లబరచడానికి ఆర్వీ సాకెట్ పెట్టించుకునేవాళ్లు ఉంటారు. 30 ఆంప్ ఆర్వీ సాకెట్ 120 వోల్టులది. చూడటానికి పాత డ్రయర్ సాకెట్‌లా ఉంటుందని కొందరు ఎలక్ట్రీషియన్లు 240 వైరు లాగేస్తారు. బండి తగిలించేముందు మీటర్‌తో కొలవండి. అలాగే ఊరి నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ ఇక్కడ మూలుగుతుంది తప్ప సరిగా తిరగదు. పచ్చళ్లు ఇంట్లోనే రుబ్బుకు రండి.

గ్రేట్యాంక్:

సూవర్ లేని చోట మీ సమావేశం ఎన్ని గంటలు సుఖంగా సాగుతుందో గ్రే ట్యాంకే నిర్ణయిస్తుంది. చాలా ట్రైలర్లకి గ్రే 30 నుంచి 40 గాలన్లు. షవర్ తల నిమిషానికి ఒకటిన్నర, రెండు గాలన్లు పోస్తుంది. 5 నిమిషాల స్నానం 8 నుంచి 10 గాలన్లు. నలుగురు ఒక్కసారి స్నానం చేస్తే ట్యాంక్ నిండినట్టే, ఇంకా గిన్నె ఒక్కటీ కడగలేదు. కాబట్టి స్నానాలు పార్క్ బాత్‌హౌస్‌లో. పసిపిల్లలకి, పెద్దవాళ్లకి బండిలోనే అయితే బకెట్, చెంబు పద్ధతి. మనవాళ్లకి అలవాటున్నదే, రెండున్నర గాలన్లలో శుభ్రంగా అయిపోతుంది.

టాయిలెట్ మురుగు చేరే బ్లాక్ ట్యాంక్ లెక్క మనకి కాస్త వేరు. చేతి స్ప్రే, చెంబు వాడకంతో ఒక్కో సారికి, ఫ్లష్ కలిపి, గాలన్ అనుకోండి. నలుగురు రోజుకి ఐదేసి సార్లంటే 20 గాలన్లు. 30 గాలన్ల ట్యాంక్ రెండో రోజు మధ్యాహ్నానికే అంచుకొస్తుంది. మంచి ఏంటంటే నీళ్లు ఎక్కువ, కాగితం తక్కువ కనుక ట్యాంక్‌లో గుట్టలా పేరుకోదు. పగలు బాత్‌హౌస్, రాత్రి బండి అని నియమం పెట్టుకుంటే ఆదివారం దాకా సరిపోతుంది. సెన్సార్ లైట్లని నమ్మకండి. లోపలి గోడకి ఏదైనా అతుక్కుంటే ఖాళీ ట్యాంక్ కూడా ముప్పాతిక చూపిస్తుంది. ఫ్లష్ చేస్తే బుడగలు లేచి నీళ్లు నెమ్మదిగా దిగుతుంటే అది నిజంగా నిండింది.

వంట కుటుంబానికి చక్రాల డంప్ టోట్ (మురుగు నీళ్లు మోసే డబ్బా) ఒకటి ఉండాలి. 28 గాలన్లది నిండితే నీళ్ల బరువే 233 పౌండ్లు. చేత్తో లాగలేరు, ట్రక్ హిచ్‌కి తగిలించి నడక వేగంతో లాగాలి. గ్రే నీళ్లు మాత్రమే పట్టండి.

తాగునీటి హోస్ తెలుపో నీలమో, తాగునీటికని రాసి ఉన్నది వాడాలి. తోట హోస్ వద్దు. కొళాయికి మొదట ప్రెషర్ రెగ్యులేటర్, 45 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర ఉండేది, ఆ తర్వాత ఫిల్టర్, ఆ తర్వాత హోస్. రెగ్యులేటర్ బండి వైపు పెడితే హోస్ పగిలే ప్రమాదం అలాగే ఉంటుంది.

కొత్తట్రైలర్_ఫ్రిస్కో:

చాలా ఉపయోగపడింది అండీ. ఒక్క అనుమానం. అన్నం వార్చిన గంజి, కూరగాయలు కడిగిన నీళ్లు చెట్ల మొదట్లో పోస్తే తప్పా? అవి శుభ్రమైనవే కదా.

గ్రేట్యాంక్:

పోయకూడదు. వంటింటి నీళ్లు ఏవైనా అక్కడ మురుగు కిందే లెక్క. వాసనకి రకూన్లు, చీమలు వస్తాయి. అందుకే పార్కులో గంజి వార్చే పద్ధతే పెట్టుకోకండి, అత్తెసరు వేయండి. కూరగాయలు ఇంట్లో కడిగి తరిగి సంచుల్లో తెచ్చుకుంటే నీళ్లూ చెత్తా రెండూ తగ్గుతాయి. గిన్నెలకి అంటిన జిడ్డూ మెతుకులూ పేపర్ టవల్‌తో తుడిచి చెత్త సంచిలో వేసి, ఆ తర్వాతే కడగండి. గ్రే ట్యాంక్‌లోకి పోపు నూనె, అన్నం మెతుకులు పోతే అడుగున పేరుకుని వాల్వ్ పూర్తిగా మూసుకోదు, పైగా వేడి రోజున కుళ్లు కంపు సింక్‌లోంచే వస్తుంది. అద్దె బండైతే సింక్‌కి సన్న జల్లెడ కొనుక్కెళ్లండి. తెల్ల కౌంటర్ మీద పసుపు మరక పడితే డిపాజిట్ కోస్తారు, కింద పాత పేపర్ పరిచి పని చేయండి.

గరిటె:

ఇక వంట. 32 మంది పెద్దలు, 14 మంది పిల్లలంటే 40 పెద్ద భోజనాలుగా లెక్క కట్టండి. తలకి 130 గ్రాముల బియ్యం చొప్పున 5.2 కిలోలు. పులిహోరకి 2, తెల్లన్నానికి 2, దద్దోజనానికి 1.2. ముద్దపప్పుకి కందిపప్పు 1.5 కిలో. గుత్తి వంకాయ తలకి రెండు చొప్పున 80 చిన్నకాయలు. పెరుగు 6 కిలోలు, అంటే 5 పౌండ్ల డబ్బాలు మూడు. కార్తీకం కనుక ఉల్లి, వెల్లుల్లి వద్దనేవాళ్లు ఉంటారు. రెండు రకాలు వండే ఓపిక అక్కడ ఉండదు, అంతా ఉల్లి లేకుండానే చేసేయండి.

2 కిలోల సోనా మసూరి సుమారు 2.4 లీటర్ల కొలత. 1కి 1.75 చొప్పున 4.2 లీటర్ల ఎసరు. 16 క్వార్టుల గిన్నె కావాలి, అడుగు మందంది. ఒకే గిన్నెలో 4 కిలోలు పెట్టకండి, ఆ బర్నర్ల మీద అడుగు మాడుతుంది, పైన పలుకుంటుంది. ఎసరు మరిగాక బియ్యం వేసి, నీరు పైన కనబడకుండా ఇంకగానే మంట అట్టడుక్కి దించి, మూత పెట్టి, మూత మీద బరువు. గిన్నె కింద పాత పెనం పెడితే ఇంకా మేలు. పులిహోర అన్నం ఒక పలుకు తక్కువలో దించాలి, వెంటనే పెద్ద పళ్లేల్లో ఆరబోసి నూనె, పసుపు కలపాలి. పులుసు మాత్రం ఇంట్లో ఉడికించుకు రండి. ఈ కొలతకి చింతపండు 220 నుంచి 250 గ్రాములు, నూనె 300 మిల్లీలీటర్లు, పల్లీలు 200 గ్రాములు, శనగపప్పు, మినప్పప్పు వందేసి. పోపు బండి లోపల పెట్టొద్దు, ఎండుమిరప ఘాటుకి పొగ అలారం ఆగకుండా మోగుతుంది.

పొయ్యి విషయంలో కొత్తవాళ్లు తడబడేది ఇక్కడ. ట్రైలర్ పక్కన గ్యాస్ క్విక్ కనెక్ట్ ఉంటుంది కదా అని పెద్ద బర్నర్ దానికి తగిలిస్తారు. అక్కడ వచ్చే ఒత్తిడి 11 అంగుళాల నీటి మట్టం, పీఎస్ఐలో 0.4 మాత్రమే. సొంత రెగ్యులేటర్‌తో వచ్చే హై ప్రెషర్ బర్నర్‌కి అది చాలదు, కొవ్వొత్తి మంట వస్తుంది. దానికి విడిగా 20 పౌండ్ల సిలిండర్ కావాలి. నిండు సిలిండర్‌లో 4.7 గాలన్లు, సుమారు 4,30,000 బీటీయూ (వేడి కొలత). 60,000 బీటీయూ బర్నర్ నిండు మంట మీద 7 గంటలు. మీ వంటకి రెండు బర్నర్లు మూడేసి గంటలు మధ్యస్థపు మంట మీద నడిస్తే సగం పైచిలుకు ఖర్చవుతుంది. అయినా బర్నర్‌కి ఒక సిలిండర్ చొప్పున పెట్టి, మూడోది నిల్వ ఉంచండి. ఒకే సిలిండర్ మీద రెండూ లాగితే చలిలో అది మంచు కట్టి మంట తగ్గిపోతుంది.

సిలిండర్ వాల్వ్ గబుక్కున తిప్పినా మంట సన్నగానే వస్తుంది. లీకేజీ అనుకుని లోపలి సేఫ్టీ గ్యాస్‌ని బిగిస్తుంది. అన్నీ కట్టేసి, గొట్టం విప్పి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ బిగించి మెల్లగా తెరవండి. ప్రతి అతుకు మీదా సబ్బు నురగ పూసి చూడటం మరవద్దు. గాలికి అడ్డం రేకు పెట్టొచ్చు కానీ ఆ రేకు లోపల సిలిండర్ ఉండకూడదు. పొయ్యి గుడారానికీ, బళ్లకీ పదడుగులు దూరం. చలిగా ఉందని గుడారం నాలుగు వైపులా గుడ్డ కట్టేసి లోపల వండితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది, అది వాసన రాదు.

వేడి అన్నం నిలవ ఉంచడానికి మామూలు ఐస్ కూలర్ చాలు. మరుగు నీళ్లు పోసి 20 నిమిషాలు మూత పెట్టి, నీళ్లు తీసేసి, గిన్నెని తువ్వాలు చుట్టి అందులో దించండి. 140 ఫారెన్‌హీట్ పైన ఉన్నంతసేపు భయం లేదు. 40కీ 140కీ మధ్య రెండు గంటలకి మించి ఏదీ ఉండకూడదు. దద్దోజనం దీనికి విరుద్ధం, చల్లారాకే పెరుగు కలిపి ఐస్‌లో ఉంచాలి. మధ్యాహ్నం మిగిలిన తెల్లన్నం గిన్నెలో అలాగే వదిలి రాత్రికి వేడి చేసి తినొద్దు, అన్నంలో పుట్టే విషం వేడికి పోదు.

ఆదివారం ఉదయం ఉప్మా: బొంబాయి రవ్వ 2.4 కిలోలు, ఇంట్లోనే వేయించి తెచ్చుకోండి. టీ 5 లీటర్లు, పాలు గాలన్ డబ్బా ఒకటి.

బూరెలు మాత్రం అక్కడ వేయకండి. పిల్లలు పరుగులు తీసే చోట మూడు లీటర్ల కాగే నూనె, గాలి, ఎండుగడ్డి.

ఫ్రిస్కో_పిన్ని:

గరిటె గారూ, వేడి బూరె లేకుండా కార్తీక భోజనమేంటండీ? శుక్రవారం వేసినవి శనివారానికి మెత్తబడిపోతాయి.

గరిటె:

తోపు కొంచెం గట్టిగా కలిపి ఇంట్లో వేసి, కాగితం మీద పూర్తిగా ఆరాక డబ్బాలో పెట్టండి. వడ్డించే ముందు మోటర్‌హోములో కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉంటే 350 దగ్గర ఐదారు నిమిషాలు. అసలైన కరకర రాదు, ఒప్పుకుంటా. అక్కడే వేయాలంటే పిల్లల్ని గట్టు వైపు తీసుకెళ్లే మనిషి ఒకరు, నూనె, గ్యాస్, కరెంటు మంటలకి (క్లాస్ బి, సి) పనికొచ్చే ఆర్పే సిలిండర్, మూకుడు మీదకి సరిపడా రేకు మూత దగ్గర ఉంచుకోండి. నూనె అంటుకుంటే మూత పెట్టి గ్యాస్ కట్టాలి, నీళ్లు పోయకూడదు. వాడిన నూనె చల్లారాక అదే డబ్బాలోకి ఒంపి ఇంటికి తీసుకుపోవాలి.

నార్తర్:

చలి గురించి ఎవరూ చెప్పలేదు. డల్లాస్ ప్రాంతంలో తొలి ఫ్రీజ్ (నీళ్లు గడ్డకట్టే చలి) సగటున నవంబర్ మూడు, నాలుగు వారాల్లో వస్తుంది. మధ్యాహ్నం 75 ఫారెన్‌హీట్ ఉండి, ఉత్తరపు గాలి విరుచుకుపడితే తెల్లారేసరికి 30కి దిగే రోజులూ ఉంటాయి. 32 కిందకి సూచన ఉంటే రాత్రి హోస్ విప్పేసి, ఫ్రెష్ ట్యాంక్ నింపుకుని పంపు మీద నడపండి. ఫర్నేస్ 30,000 బీటీయూది అనుకుంటే 20 పౌండ్ల సిలిండర్ 14 గంటలు మండుతుంది. రాత్రికి నాలుగైదు గంటలు మండుతుంది కాబట్టి ఒకటి నిండుగా ఉంటే రెండు రాత్రులకీ ఢోకా లేదు. ఫర్నేస్ ఫ్యాన్ 12 వోల్టులది, పాత బ్యాటరీ ఉన్నవాళ్లు షోర్ పవర్ (పెడస్టల్ కరెంటు) పోతే తెల్లవారుజామున వణుకుతారు. గదులు వెచ్చబడాలని స్టవ్ వెలిగించి పడుకోవడం మాత్రం ప్రాణాలమీదకి తెస్తుంది. బయలుదేరే ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి చూడండి, వెనకాల గడువు తేదీ కూడా.

పడుకునేముందు ఆనింగ్‌లు (బండి పక్కకి పరిచే గుడ్డ పందిళ్లు) లోపలికి చుట్టేయండి. ఉత్తరపు గాలి చెప్పి రాదు.

దీపాలకి ముందు కౌంటీలో బర్న్ బ్యాన్ (బయట మంట పెట్టడంపై నిషేధం) ఉందేమో చూసి, పార్క్ ఆఫీసుకి ఫోన్ చేసి ప్రమిదలు పెట్టుకోవచ్చో లేదో అడగండి. ఒప్పుకుంటే బల్ల మీద ఇసుక పోసిన పళ్లెంలో, గాజు చిమ్నీల వెనక. ఉసిరికాయలు మన దుకాణాల్లో ఫ్రీజర్‌వి దొరుకుతాయి. రాత్రంతా కరగనిచ్చి, తుడిచి, తల కోసి కాస్త గుంట చేయండి. తడి ఉంటే వత్తి చిటపటలాడి ఆరిపోతుంది. ఆ చలికి నెయ్యి పేరుకుని వత్తికి ఎక్కదు, నువ్వుల నూనె సగం కలపండి. దీపాలు చెరువులోకి వదలకూడదు, డొప్పలైనా అది చెత్త కిందే లెక్క. పెద్ద స్టీలు బేసిన్‌లో నీళ్లు పోసి అందులో తేలనివ్వండి. ఉసిరి చెట్టు లేదని పార్క్ చెట్లకి దారాలు, పసుపు కుంకాలు వద్దు. కుండీలో తులసి తెచ్చుకుంటే సరి.

కట్టెలు పార్కులో ఏరకూడదు, కొనుక్కోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం, భజన స్పీకర్ తొమ్మిదిన్నరకే కట్టేయండి. స్టేట్ పార్కులో బహిరంగంగా మద్యం నిషేధం. మీకు ఎలాగూ అవసరం లేదనుకోండి.

లూప్‌క్యాప్టెన్:

ఆదివారం సంగతి ఒకటి మిగిలింది. చెకౌట్ మధ్యాహ్నం 12. డంప్ స్టేషన్ దగ్గర ఒక్కో బండికి 12 నుంచి 15 నిమిషాలు, మీ 12 బళ్లకే రెండున్నర, మూడు గంటలు. మిగతా క్యాంపర్లు కూడా అదే సమయానికి వస్తారు. అందుకని ఉప్మా 7:30కి, మొదటి బండి 8:30కి కదలాలి. అద్దె బళ్లు ముందు, వాటికి వాపసు సమయం ఉంటుంది, డంప్ చేయకుండా ఇస్తే వేరే రుసుం వేస్తారు. వాళ్ల పక్కన తెలిసినవాళ్లు ఒకరు నిలబడాలి. చేతులకి గ్లవ్స్, హోస్ రెండు చివర్లా బిగింపు చూసి, ముందు బ్లాక్ వాల్వ్, అది ఆగాక మూసి గ్రే వాల్వ్. గ్రే నీళ్లు హోస్‌ని కడిగేస్తాయి, అందుకే ఆ వరుస. అక్కడున్న కొళాయి కడగడానికి మాత్రమే, తాగునీటి హోస్ దానికి తగిలించొద్దు. టోట్ ఉన్న వంట కుటుంబం శనివారం సాయంత్రం నాలుగింటికే ఒకసారి పోసి వచ్చేస్తే ఆదివారం వరుసలో చివర నిలబడ్డా తొందర ఉండదు.